చల్లారని డేగిస

కొడకండ్లలో రాగి గిన్నెలకు కలాయి పూసే బాబామియా ఇంట్లో తెల్లవారగానే మొదటి పని డేగిసదే. అతని భార్య హసన్ బీ ముఖం కడుక్కొని వచ్చి, వసారాలో ఉన్న విందు వంటల పెద్ద రాగి డేగిసను రెండు చేతులతో పట్టుకొని కాసేపు కూర్చుంటుంది. ఆ తర్వాత వాడకట్టు వాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. కిరాణా దుకాణం కనకలక్ష్మి పాలు తోడేసిన గిన్నె తెచ్చి దాని పక్కన పెట్టిపోతుంది. బాలింత ఉన్న ఇంటి నుంచి బిందెడు నీళ్ళు కాగేందుకు వస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో తడి బట్టలు దాని మీదే ఆరేస్తారు. కింద పొయ్యి లేదు, బొగ్గు లేదు. ఆ డేగిస చల్లారదు, అంతే.

తెలంగాణ కోసం రోడ్డు మీద వంటా వార్పు పెట్టిన నాడు పొయ్యి ఎక్కిన డేగిస అది. బాబామియా కొడుకు ఆమెర్ దానికి తళతళలాడేటట్టు కలాయి వేసి, తానే నెత్తిన పెట్టుకొని మోసుకుపోయాడు. అందరూ బంతిలో కూర్చొని తింటుండగా ఒక లారీ ఆగకుండా బంతి మీదికి వచ్చింది. ఆనాడు వెచ్చగా ఇల్లు చేరింది డేగిస ఒక్కటే.

అది ఆమెర్ ఒంటి వేడి అన్నారు ఊళ్ళో. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికే దొరికేది ఎక్కడినుంచి వస్తున్నదని అడిగే అలవాటు మనుషులకు లేదు.

అయితే హసన్ బీ చల్లబడుతూ వచ్చింది. సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి ఎండలో కూడా దుప్పటి కప్పుకొని కూర్చునేది. దవాఖానలో థర్మామీటరు పెడితే పాదరసం పైకి ఎక్కనే లేదు. డాక్టరు రక్తానికి గోలీలు రాసిచ్చి, ఇట్లనే సాగితే ఆమె చలికాలం దాటదని బాబామియాను పక్కకు పిలిచి చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు హఫ్సా ఆ మాట విన్నది.

హఫ్సా ఇంటర్ చదువుతున్నది. సమ్మెతో కాలేజీ మూతపడ్డది. కెమిస్ట్రీ చెప్పే సత్యం సారు దీక్షా శిబిరంలో కూర్చొని, నినాదాల మధ్యనే పిల్లలకు ఉష్ణం లెక్కలు చేయిస్తున్నాడు. ఆరోజు కాలిన రాగిముక్కను చన్నీళ్ళలో వేస్తే రాగి వేడి ఎంత మారిందో చెప్పమన్నాడు. రాగి బరువు, విశిష్టోష్ణం, దిగిన డిగ్రీలు గుణించి హఫ్సా అందరికంటే ముందు చేసింది. జవాబుకు ప్లస్ గుర్తు పెట్టింది. కొలిమి మీద బతికే ఇంటి పిల్ల ఆమె. బయటికి వచ్చిన వేడిని రాబడిగా చూడడమే ఆ ఇంట్లో ఎరుక.

"అంకె మంచిగనే వచ్చింది బిడ్డా, గుర్తు తప్పు," అన్నాడు సారు. "నువ్వు నీళ్ళ దిక్కు నిలబడ్డవు. జర రాగి దిక్కు నిలబడి చూడు. దానికేమైంది?"

"వేడి పోయింది సార్."

"మరి పోయినదానికి మైనస్ పెట్టాలె కద."

హఫ్సా గుర్తు దిద్దింది కాని అక్కడినుంచి లేవలేదు. "మా డేగిస ఎంతమందికి ఇచ్చినా తగ్గది సార్. దానికేం పెట్టాలె?"

సత్యం సారు తల వంచుకున్నాడు. ఆయన పసిబిడ్డకు కూడా రోజూ స్నానం నీళ్ళు ఆ డేగిస దగ్గరే కాగుతాయి.

"తగ్గకుంటే ఎవరో నింపుతున్నట్టు," అన్నాడు. "వేడి ఊరికె పుట్టది బిడ్డా."

పొద్దు వాలేవేళ హఫ్సా తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకొని వసారాలో కూర్చుంది. హసన్ బీ రెండో చెయ్యి డేగిస మీదనే ఉంది. కనకలక్ష్మి చన్నీళ్ళ బిందె తెచ్చి డేగిసలో దించింది. నీళ్ళు మెల్లగా పొగలు కక్కసాగాయి. హసన్ బీ వేళ్ళ కొసలు ముందు చల్లబడ్డాయి, తర్వాత అరచెయ్యి, తర్వాత మణికట్టు. కనకలక్ష్మి బిందె ఎత్తుకొని పోయాక ఆ చలి అక్కడే ఆగింది.

"గా వేడి అన్నయ్యది కాదు అమ్మీ, నీది," అన్నది హఫ్సా.

"నాకు ఎరుకనే," అన్నది హసన్ బీ. "గా డేగిస సల్లారితే వాడు లేనట్టే కద బేటీ."

హఫ్సా డేగిస దగ్గరికి జరిగింది. తన రెండు అరచేతులూ రాగికి ఆనించింది. "అయితే సగం నేనిస్త."

డేగిస వద్దనలేదు. దానికి ఎవరైనా ఒకటే. హఫ్సా గోళ్ళు నీలంగా మారాయి, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. కళ్ళు మాత్రం తల్లి మీదనే ఉన్నాయి.

"చెయ్యి తియ్యి," అన్నది హసన్ బీ.

"ముందు నువ్వు తియ్యి."

హసన్ బీ కూతురి పెదవుల వంక చూసింది. చచ్చినవాళ్ళను పోగొట్టుకోవద్దని బతికున్నవాళ్ళను ఖర్చుపెట్టడం పాపం. ఆ పాపం తన ఒంటి మీద జరిగినన్నాళ్ళు ఆమెకు కనపడలేదు. ఆమె డేగిస మీది చెయ్యి తియ్యగానే హఫ్సా కూడా తీసింది. హసన్ బీ గోడ పట్టుకొని లేచి, గూనలోంచి కడవెడు నీళ్ళు ముంచి తెచ్చి, బిస్మిల్లా అని డేగిసలో కుమ్మరించింది.

ఇల్లంతా ఆవిరి కమ్మింది. ఆ ఆవిరిలో ఎవరో వసారా దిగి వాకిట్లోకి నడిచినట్టు అడుగుల చప్పుడయింది. అప్పుడే సైకిలు దిగుతున్న బాబామియా దారి వదిలి పక్కకు జరిగాడు.

ఆవిరి తేలిపోయాక హసన్ బీ డేగిస మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. కొడుకు పోయిననాటి నుంచి ఏడవని మనిషి, కూతుర్ని ఒళ్ళోకి లాక్కొని ఏడ్చింది. ఒక కన్నీటి బొట్టు హఫ్సా మెడ మీద పడింది.

అది వేడిగా ఉంది.