దాలినాయుడి అరకు ప్లాను

నేను ఒక డైరీని. విత్తనాల దుకాణంవాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే పంచిన బాపతు. విజయనగరంలో దాలినాయుడనే ఆఫీసు గుమాస్తా చేతిలో పడ్డాను. ఏప్రిల్ దాకా ఆయన నన్ను ముట్టుకోలేదు. పిల్లలకు సెలవులిచ్చిన రోజున మాత్రం ఎర్రసిరా పెన్ను పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

“అరకు ఎల్తన్నాం,” అని ప్రకటించాడు.

పదేళ్ల లిఖిత, ఆరేళ్ల మోక్షిత్ గంతులేశారు. “నాన్నా, మబ్బుని ముట్టుకోవచ్చా?” అని అడిగాడు వాడు. దాలినాయుడు కాస్త ఆలోచించి, “పదీ ఇరవై నుంచి పదిన్నర దాకా,” అని గడి గీసి మరీ రాశాడు.

వారం రోజులు నా ఒంటినిండా గడులే. బొర్రా గుహల్లో ఆశ్చర్యపోవడానికి నలభై నిమిషాలు. కాఫీ తోటలో ఫొటోలకు పన్నెండు. వాంతులు రెండు, ఒక్కోదానికి అయిదు.

“ఏటండీ, వాంతి కూడా మీ టైముకే అవ్వాలేటి?” అంది ఆయన భార్య సుగుణ.

బయలుదేరిన రోజు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుండగా మోక్షిత్ పదిహేడు నిమిషాలు ముందుగానే వాంతి చేసుకున్నాడు. ఆయన గడి దిద్దేలోపే అద్దెకారు పొగలు కక్కి ఆగిపోయింది. “ఇంజను సల్లారాలండి. ఎంతసేపో నాను సెప్పలేను,” అంటూ డ్రైవరు నీళ్ల కోసం పక్కన పారుతున్న గెడ్డలోకి దిగాడు. పిల్లలు వాడి వెనకే పరుగెత్తారు.

దాలినాయుడు రాయి మీద కూర్చుని ఒక్కో గడీ కొట్టేయసాగాడు.

“రెండేళ్లకి దొరికిన సెలవు, సుగుణా. ఒక్కటీ చూపించలేపోతే పిల్లలకి ఏటి గుర్తుంటాది?”

సుగుణ నన్ను లాక్కుని, గుహల పేజీ చింపి లిఖితకిచ్చింది. “పడవ చెయ్యమ్మా.”

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయనకూ అంతే. “ఏటి చేస్తన్నారు!” అని బూట్లతోనే నీళ్లలోకి దూకాడు. అందుకోబోతుంటే ఆ పడవ రాళ్ల సందున గిర్రున తిరిగి, మోక్షిత్ వదిలిన ఆకుని దాటేసి పోయింది. ఆయన మోకాలి లోతులో నిలబడిపోయాడు.

“మనదే గెలిచిందే, లిఖితా!” అని అరిచాడు.

తర్వాత కాఫీ తోటను ఆయనే చింపాడు. కారు ఎప్పుడు చల్లారిందో ఎవరూ చూడలేదు. పొద్దువాలేసరికి నాలో రాసిన పేజీ ఒక్కటీ మిగల్లేదు. అరకు చూడకుండానే నలుగురూ తడిబట్టలతో ఇంటికొచ్చారు.

సోమవారం ఆఫీసులో మాత్రం, “అంతా ప్లాను ప్రకారమే జరిగింది,” అని చెప్పుకున్నాడు. పక్క సీటు గణపతిరావు ఊరుకోలేదు. “మేమూ పిల్లల్ని తీసికెల్దామనుకుంటన్నాం నాయుడుగారూ. ఆ ప్లాను ఓసారి ఇద్దురూ.” కాదనలేక మర్నాడు నన్ను ఆయన చేతిలో పెట్టి, గబగబా తన కుర్చీలోకి పోయాడు.

గణపతిరావు ఇంటికెళ్లి నన్ను తెరిచాడు. చింపిన అంచులు, ఆ తర్వాత తెల్లకాగితాలు. ముందుకీ వెనక్కీ చాలాసేపు తిరగేశాడు.

“చూశావటే,” అన్నాడు భార్యతో, “మంచి పేజీలన్నీ తను చింపుకుని, ఖాళీది మన ముఖాన కొట్టాడు. ఎంత కుళ్లో!”

కాదు స్వామీ, అవి మంచిపనికే ఖర్చయ్యాయి అని చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే తన ప్లాను రాయడానికి పెన్ను మూత తీశాడు.