మోతీ మెడలో బిళ్ళ

నాకు కుక్కలంటే భయం. పిల్లైనా, తల్లైనా, గొలుసుతో కట్టేసి ఉన్నా భయమే. ఆ సంగతి తెలిసి కూడా మా మావగారు గురునాథరావుగారు నందిని అనే ఊరి నుంచి వస్తూ ఒక కుక్కపిల్లని సంచిలో వేసుకొచ్చారు. అక్కడి గనుల కాలనీలో ఆయన పాత స్నేహితుడు చిన్నారావుగారు ఉంటారు. ఎప్పుడు వెళ్ళినా ఏ వంకాయలో, బీరకాయలో ఇచ్చి పంపుతారు. నేనదే అనుకుని సంచిలో చెయ్యి పెట్టాను. వెచ్చగా, మెత్తగా ఏదో కదిలింది. నా కేకకి పక్క క్వార్టరులోంచి కుముదిని గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మా, అలా అరుస్తారేటి? పసిది దడుసుకుపోనాది" అన్నారు మావగారు.

దడుసుకున్నది నేను కాదట, కుక్క!

దానికి మోతీ అని పేరు పెట్టారు. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు. ఎడమ చెవి కింద ఎండిన పుండు ఉంటే అదేమిటని అడిగాను. "అక్కడేదో వీధికుక్క పట్టీసిందట. మానిపోనాది కదేటి" అన్నారు. అప్పుడు నేను, గుమ్మం దాటకుండానే, ఒక మాట గట్టిగా చెప్పాను. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి పిచ్చికుక్క సూది వేయించి, లైసెన్సు బిళ్ళ తెచ్చి మెడలో కడితేనే అది ఈ ఇంట్లో ఉంటుందని.

"చంటిదానికి సూదేటమ్మా, నొప్పెడతాది. మా ఊర్లో ఏ కుక్కకి ఏ సూదేసినాం?"

మా మావగారికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా ఉన్నమాట చెప్పాలి, ఆ పిల్లని పెంచడంలో ఆయన వేరే లోటేమీ చెయ్యలేదు. పొద్దున్నే లేచి పాలు గోరువెచ్చగా చేసి సాసరులో పోసేవారు. ఇంట్లో పాడు చెయ్యకుండా బయటికి తిప్పుకొచ్చేవారు. నేను దడుచుకుంటానని వంటింటి గుమ్మం దాటకూడదని నేర్పారు, అది దాటేది కాదు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాక ఆ మనిషి ముఖంలో నవ్వు చూసింది ఆ కుక్కపిల్ల వచ్చాకే. మా వారు ఉదయ్‌కుమార్ కూడా ప్లాంటులోనే. ఆ వేసవి షట్‌డౌన్ మరమ్మతుల పని అని డబుల్ డ్యూటీలు చేస్తూ ఇంటికి నిద్రపోవడానికే వచ్చేవారు. కాబట్టి మోతీ ఆలనాపాలనా అంతా మావగారిదే.

ఇంతలో మేముండే సెక్టర్ 4లోకి కుక్కలబండి వస్తోందని, బిళ్ళ లేని కుక్కల్ని పట్టుకుపోతున్నారని పుకారు పుట్టింది. ఆ సాయంత్రానికల్లా మోతీ మెడలో ఎర్ర పట్టీ, పట్టీకి గుండ్రటి ఇత్తడి బిళ్ళ వేలాడుతున్నాయి.

"వేయించేశారా మావయ్యా?" అన్నాను గుమ్మంలోంచే.

"బిళ్ళ కనిపిస్తందా నేదా?" అన్నారాయన.

కనిపించింది. బియ్యం కొంటే గింజ గింజా నలిపి చూసేదాన్ని, ఇత్తడి మెరుపుకి లొంగిపోయాను. దగ్గరికెళ్ళి చూడటానికి నాకు ధైర్యం ఏదీ? కుక్కలబండి వచ్చింది, బండివాళ్ళు కూడా బిళ్ళ చూసి వెళ్ళిపోయారు.

కుముదిని కూతురు రేఖకి నాలుగేళ్ళు. గోడకి అటు ఉన్నంతసేపు కంటే మా వాకిట్లో ఉన్నంతసేపే ఎక్కువ. ఒక మధ్యాహ్నం మోతీ నోట్లో ఉన్న రొట్టెముక్క లాగబోయింది. ఎప్పుడూ ఆడుకునేవే, కానీ ఆ రోజు మోతీ గుర్రుమని పట్టేసింది. బొటనవేలి మీద రెండు ఎర్రటి చుక్కలు. రేఖ కంటే నేనే ముందు ఏడ్చినట్టున్నాను.

కుముదిని పసుపు తెచ్చి అద్దింది. "ఏం కాదు వదినా. బిళ్ళ ఉంది కదా. సూది వేసిన కుక్కేగా" అని నన్నే ఓదార్చింది.

"అవునవును, సూది వేయించారు" అన్నాను నేను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

జామచెట్టుకి నీళ్ళు పోస్తున్న మావగారు బాల్టీ అక్కడే దించేసి లోపలికి వెళ్ళిపోయారు. ఎండకి తట్టుకోలేక వెళ్ళారనుకున్నాను.

తర్వాత రెండు మూడు రోజులకి మోతీ మారిపోయింది. రోజూ కూలరు కింద కారే నీళ్ళలో పొర్లాడేది, ఇప్పుడు నీళ్ళకి దూరంగా మంచం కింద చీకట్లో నక్కి కూర్చుంది. పిలిస్తే రాలేదు. మొరిగితే గొంతు బొంగురుగా, ముసలి కుక్క మొరిగినట్టు ఉంది. కింది దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది.

"గొంతుకలో ఎముక అడ్డం పడినట్టున్నాది" అంటూ మావగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పట్టీ విప్పి పక్కన పడేసి, నోట్లోకి రెండు వేళ్ళూ పెట్టి వెతికారు. ఎముక లేదు. చెయ్యంతా నురగ. గిన్నెలో నీళ్ళు పెడితే పాపం తాగుదామనే వంగింది. నీళ్ళు నోట్లోకి వెళ్ళినవి వెళ్ళినట్టే బయటికి కారిపోయాయి. మళ్ళీ వంగింది, మళ్ళీ కారిపోయాయి. అప్పుడు నా వైపు చూసింది.

నాకు తెలుసు అదేమిటో. చిన్నప్పుడు బొబ్బిలిలో మా అమ్మమ్మగారి వీధిలో ఒకాయన అలాగే పోయాడు. గ్లాసు నీళ్ళు చూపిస్తే కేకలు పెట్టేవాడట, ఆ కేకలు వినలేక వీధంతా తలుపులు వేసుకుని కూర్చుందట. కుక్కలంటే నా భయం అక్కడ పుట్టిందే. అయినా నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

"సూది వేయించారు కదా మావయ్యా, ఇది మరేదో అయ్యుంటుంది. అవునా?"

మావగారు దాని తల నిమురుతూనే ఉన్నారు.

అప్పుడు కింద పడున్న పట్టీ వైపు చూశాను. ముట్టుకోకుండా వంగి చూశాను. బిళ్ళ మీద ఒక నంబరు చెక్కి ఉంది. ఆ నంబరు నాకు తెలుసు. నేను రోజూ తోమే టిఫిన్ క్యారియర్ మీద, ఆయన సైకిలు మడ్‌గార్డు మీద, ట్రంకు పెట్టె మూత మీద ఉన్న నంబరే అది. మావగారి ప్లాంటు టోకెను. టోకెన్లు తీసేసి కార్డులు పెట్టిన రోజుల్లో పాతది తిరిగివ్వకుండా జేబులో వేసుకొచ్చి, దేవుడి పటం వెనక దాచుకున్నారు.

"ఇది మీ టోకెను" అన్నాను.

"ఆ రోజు ఆస్పత్రికి ఎల్లేనమ్మా. ఒట్టు, ఎల్లేను. నా ముందర ఒక పెద్ద కుక్క సూదికి గొల్లుమన్నాది. సంచిలో ఇది గడగడా వణికిపోనాది. మరోసారి తెద్దునని ఎనక్కొచ్చీసినాను. బండి వస్తాదంటే టోకెను కట్టీసినాను. తరవాత..."

"తరవాత?"

"తరవాత ఎవులూ అడగనేదు."

ఏళ్ళ తరబడి ఆ టోకెను పట్టుకుంటే గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. టోకెను ఉంటే మనిషి డ్యూటీలో ఉన్నట్టే, లేకపోతే లేనట్టే. కుక్క మెడలో కట్టినా అదే పని చేస్తుందనుకున్నారు మా మావగారు. నిజంగానే చేసింది. బండివాళ్ళని ఆపింది, నన్ను ఆపింది, కుముదినిని ఆపింది. ఆ జబ్బు పురుగొక్కదాన్నే ఆపలేదు.

రేఖ! ఆ పిల్ల గుర్తు రాగానే గోడ దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళ తలుపుకి తాళం. సెలవులకి ఆ సాయంత్రం బండికి విజయనగరం వెళ్తున్నామని పొద్దున్నే చెప్పింది కుముదిని. అక్కణ్ణుంచి ఇంకా లోపలికి, బస్సు కూడా సరిగ్గా వెళ్ళని వాళ్ళ అత్తవారి ఊరికి వెళ్ళి వేసవంతా ఉంటారు. అక్కడ ఆసుపత్రెక్కడ, సూదెక్కడ?

"స్టేషనుకి వెళ్దాం రండి."

"ఉండమ్మా" అన్నారు మావగారు. "రెండ్రోజులు సూద్దుము. ఉత్తినే భయపెట్టినట్టవుతాది. రేపు కాలనీలో నాను తలెత్తుకోనేను."

పెళ్ళై ఆ ఇంటికొచ్చాక ఆయన ఎదట గొంతెత్తలేదు నేను. ఆ రోజు ఎత్తాను. "మీ తల కోసం ఆ పిల్ల ప్రాణం తీస్తారా? రాకపోతే మానండి, నేనే చెప్తాను!"

ఆయన మోతీని మెల్లగా బుజ్జగిస్తూ పెరట్లో బొగ్గుల కొట్టులోకి పంపి గొళ్ళెం పెట్టారు. చేతులు సబ్బుతో కడుక్కున్నారు. కడిగిన చేతులే మళ్ళీ కడిగారు, మళ్ళీ కడిగారు. ఆ బిళ్ళ కూడా సబ్బుతో తోమి తెచ్చుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా భయపడుతున్నారని.

పవర్ హౌస్ రైలు స్టేషను దాకా ఇద్దరం ఆటోలో వెళ్ళాం. దారిలో ఫాటకు, అదే రైలు గేటు, పడింది. గూడ్సుబండి ఒక్కొక్క పెట్టే కదులుతుంటే నేను నూకాలమ్మ తల్లికి మొక్కుతూనే ఉన్నాను. ఆటోవాడు వెనక్కి తిరిగి, "క్యా హువా దీదీ, కోయీ గుజర్ గయా క్యా?" అన్నాడు. ఎవరైనా పోయారా అని.

ప్లాట్‌ఫారం మీద జనం. ముందు రేఖ కనిపించింది. ట్రంకు పెట్టె మీద కూర్చుని ప్లాస్టిక్ సీసాలోంచి నీళ్ళు గటగటా తాగుతోంది. ఆ నీళ్ళు గొంతు దిగడం చూసి నాకు ఏడుపొచ్చింది. బొటనవేలి మీద పసుపు ఇంకా అలాగే ఉంది.

"అదేటి వదినా, ఇలా వచ్చారు?" అంది కుముదిని నవ్వుతూ.

దారంతా కూర్చుకున్న మాట ఒక్కటీ రాలేదు. అప్పుడు మావగారే ముందుకొచ్చి, కుముదిని భర్త శంకరరావు అరచేతిలో ఆ బిళ్ళ పెట్టారు.

"ఇది లైసెన్సు కాదు బాబూ. నా టోకెను. కుక్కకి సూది నాను ఏయించనేదు. దానికి పిచ్చెక్కినట్టున్నాది. పిల్లని ఆస్పత్రికి తీసుకెల్దుము, నడు."

శంకరరావూ ప్లాంటు మనిషే. బిళ్ళ తిప్పి కూడా చూడలేదు, చేతికి తగలగానే తెలిసిపోయింది. పిడికిలి బిగించి చెయ్యెత్తాడు. మావగారు కదల్లేదు, కొట్టించుకోవడానికే నిలబడ్డట్టు నిలబడ్డారు. కుముదిని అరవలేదు. పిల్లని ఎత్తుకుని ఆ బొటనవేలిని తన గుప్పిట్లో దాచేసుకుంది. బండి వచ్చింది, వెళ్ళింది. ట్రంకు పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

పెద్దాసుపత్రి డాక్టరు, కుక్క చొంగ ఎవరెవరికి తగిలిందని అడిగారు. మా వారు దాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళో అయింది. నేను భయంతో ఎప్పుడూ ముట్టుకోలేదు. మావగారు తన వేళ్ళు చూపించారు, గోళ్ళ పక్కన పగుళ్ళు. రేఖకీ, ఆయనకీ ఇద్దరికీ సూదులు పడాలన్నారు. కరిచినప్పుడే సబ్బు, కుళాయి నీళ్ళతో బాగా కడిగి ఆ రోజే తేవాలి కదా, పసుపేమిటని కోప్పడ్డారు. ఇప్పటికైనా తెచ్చారు, నయమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ మాట వింటేనే మన వాళ్ళకి సగం ప్రాణం పోతుంది. సూది చూసి రేఖ మంచం కిందికి దూరింది. మావగారు చొక్కా పైకెత్తి, "ముందల నాకెయ్యండి. సూడు తల్లీ, తాత ఏడుస్తాడేమో సూడు" అంటూ పడుకున్నారు. ఆయన పొట్ట కండరాలు వణకడం నాకు కనిపించింది. ఏడవలేదు. రేఖ బయటికొచ్చింది.

మర్నాటికి బొగ్గుల కొట్టులో చప్పుడు ఆగిపోయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది ఆ జబ్బేనని తేల్చారు. రేఖకి మాత్రం మోతీని నందిని పంపేశామని చెప్పాం.

ఆ వేసవంతా నేను నిద్రపోలేదు. రేఖకి జ్వరమొస్తే భయం, నిద్రలో ఉలిక్కిపడితే భయం, మంచినీళ్ళు వద్దంటే చాలు గోడకి ఇవతల నా చేతులు చల్లబడిపోయేవి. కుముదిని నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకు మాట్లాడాలి? రేఖకి ఏమీ కాలేదు. ఈ ముక్క ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ నెలల్లో ఎవరైనా నాకు ఇది చెప్తే వాళ్ళ కాళ్ళు పట్టుకునేదాన్ని.

ఆఖరి సూది రోజు రేఖకి పండగే. తాత తర్వాత తనే ఎక్కి పడుకుంది, పళ్ళు బిగించి వేయించుకుంది. నర్సు చాక్లెట్ ఇచ్చింది. అది కొరుక్కుంటూ మావగారి చెయ్యి పట్టుకుని లాగింది.

"తాతా, నందిని ఎప్పుడు వెళ్దాం?"

"ఎందుకమ్మా?"

"మోతీకి కూడా సూది వేయిద్దాం. చీమ కుట్టినట్టే ఉంటది, ఎక్కువ దర్ద్ ఉండదు. నాకు తెలుసు కదా. నేను దాని చెయ్యి పట్టుకుంటా, అది ఏడవదు."

మావగారు ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయారు. పద్నాలుగు సూదులకీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నీకున్నపాటి ధైర్యం నాకు నేకపోనాది తల్లీ" అన్నారు.