మా ఆయన కెనడా చేప

మా ఆయనకు చేపల కూర పడదు. ముల్లు కనబడితే మొహం తిప్పుకుంటారు. అలాంటి మనిషి ఆరేళ్లుగా, చలికాలం వచ్చిందంటే చాలు, ఆదివారం తెల్లవారగానే సూరత్ నుంచి కామ్‌రేజ్ దాటి తాపీ నది ఒడ్డుకు పోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేపలు పడుతున్నారు. పడుతున్నారు అనడం మర్యాద కోసం. ఆరేళ్లలో ఒక్కటీ పడలేదు.

ఈ జబ్బు కెనడాలో అంటుకుంది. హజీరాలో ఆయన పనిచేసే కంపెనీ మూణ్ణెల్ల శిక్షణకు అక్కడికి పంపింది. ఆ దేశంలో స్టీల్‌హెడ్ అని ఒక చేప ఉందట. సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి వస్తుందట. మంచు కురుస్తుంటే నీళ్లలో దిగి దాన్ని పట్టడం వాళ్లకొక నోములాంటిదట. గాలానికి ఎర్ర గుచ్చరు, పిండి పెట్టరు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా తయారుచేసి, పొడవాటి కర్రతో నీటి మీదికి విసురుతారు. అది నిజం పురుగే అనుకుని చేప మోసపోవాలి. "వెయ్యిసార్లు విసిరితే ఒక్కసారి తగులుతుంది విశాలా!" అని చెప్పేటప్పుడు ఆయన కళ్లు మెరిసినంతగా మా పెళ్లినాడు కూడా మెరవలేదు.

ఆల్థాన్‌లోని మా ఫ్లాట్‌లో అడుగుపెట్టగానే ఎదురుగా ఆయన కెనడా ఫొటో ఉంటుంది. చుట్టూ మంచు, నెత్తిన ఉన్ని టోపీ, రెండు చేతుల్లో ధగధగలాడే పెద్ద చేప, పక్కన కర్రతో ఒక దొర. ఆఫీసువాళ్లు ఎవరొచ్చినా ముందు దానికే దండం పెట్టాలి. "మీరు పట్టిందేనా సార్?" అని వాళ్లడగడం, "ఊ" అని ఈయన గొంతు సవరించుకోవడం, నేను ఉప్మా ప్లేట్లు తేవడం. ఇదొక తంతు.

ఈ తంతే డిసెంబరులో కొంప ముంచింది. ఆయన కింద పనిచేసే ఆదర్శ్ అనే కుర్రాడు ఆఫీసు పిక్నిక్ ఏర్పాటు చేశాడు. జనవరి రెండో ఆదివారం, తాపీ ఒడ్డున, నలభై మంది. "రామలింగేశ్వరరావు సార్ చేప పడతారు, మనందరం చూస్తాం" అని వాట్సాప్‌లో పెట్టేశాడు.

అది చదివి ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు.

"విశాలా, ఆ చేప నేను పట్టలేదు."

"ఏ చేప?"

"ఫొటోలోది. నాకూ ఒకటి తగిలింది. కంగారుపడి లాగాను, దారం తెగిపోయింది. అది పక్కనున్న దొర పట్టిన చేప. పాపం, నా మొహం చూసి ఫొటో కోసం చేతికిచ్చాడు. ఇక్కడికొచ్చాక అందరూ నువ్వేనా అంటే ఊ అన్నాను. ఒకసారి ఊ అన్నాక ఉహూ అనడం కుదరలేదు."

నాకు ఒళ్లు మండింది. "ఒక అబద్ధానికి ఆరేళ్లపాటు ఉప్మా వడ్డించానన్నమాట!" అన్నాను.

"ఒక్కటి చాలు విశాలా. ఒక్కటి నిజంగా పడితే చాలు" అన్నారు కిటికీ వైపు చూస్తూ. యాభై ఆరేళ్ల మనిషి, మూడొందల మందికి పని చెప్పే మనిషి. ఒక చేప కోసం అలా బతిమాలే గొంతు విన్నాక కోపం ఎక్కడ నిలుస్తుంది? జాలేసింది. మనసులో మాత్రమే జాలిపడ్డాను, పైకి కనబడనివ్వలేదు.

ఆయనకున్న ఒకే ఒక సాయం గంగారాం. సిరిసిల్ల నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా వడోద్ దగ్గర మరమగ్గాల షెడ్డులో నేస్తున్నాడు. ఈకలు చుట్టడానికి మెరిసే జరీ పోగుల కోసం వెళ్లినప్పుడు తెలుగు మాట వినబడి ఈయన అతుక్కుపోయారు. మానేరు ఒడ్డున పుట్టినవాడు కాబట్టి గంగారాంకు చేపల సంగతి తెలుసు. తెలిసినందువల్లే మా ఆయన పద్ధతి అతనికి మింగుడుపడలేదు.

"చాపకేమన్న పిచ్చా సారూ? ఎర్ర లేదు, పిండి లేదు. ఉత్త ఈకలు సూపిస్తె వస్తదా?"

"వస్తుంది గంగారాం. ఓపిక ఉండాలి."

"నాకైతె ఉన్నది. చాపకే లేనట్టున్నది" అని అరిచేవాడు. మామూలుగా మాట్లాడినా అరుపే. మగ్గాల చప్పుడులో బతికినవాడి గొంతు అంతే. అయినా రెండేళ్లుగా ప్రతి ఆదివారం తోడు వెళ్తున్నాడు. ముళ్లు వేసే పనంతా అతనిదే. మగ్గం మీద పోగు తెగితే రెప్పపాటులో ముడేసి అతికే వేళ్లవి. మా ఆయన కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ పావుగంట తంటాలు పడే ముడిని గంగారాం అటు చూస్తూ ఇటు వేసేస్తాడు.

పిక్నిక్ ముందు శుక్రవారం మా ఇంటికొచ్చి గాలపు దారమంతా వేళ్ల మధ్య జార్చి చూశాడు. కెనడా నుంచి తెచ్చి ఇన్నాళ్లూ దాచి, పిక్నిక్ కోసమే విప్పిన దారం అది. మొదట్లో లావుగా ఉండి, కొసకు వచ్చేసరికి తల వెంట్రుకంత సన్నమవుతుంది. చేప కంటికి ఆనకూడదని అలా చేస్తారట. గంగారాం కొసను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి పెదవి విరిచాడు. "ముళ్లన్ని మల్లొకపారి సూస్తనమ్మా" అని దారం చుట్ట జేబులో వేసుకుపోయి, ఆదివారం పొద్దున తెచ్చిచ్చాడు.

ఆ ఆదివారం సూరత్‌లో పన్నెండు డిగ్రీలు. ఈ ఊరివాళ్లకు అది హిమాలయమే. నలభై మందీ మంకీ టోపీల్లో దిగారు. పచ్చజొన్న పోంక్ పొట్లాలు, సేవు, నిమ్మకాయలు, టీ ఫ్లాస్కులు. పొగమంచు పూర్తిగా విడకుండానే మా ఆయన నీళ్లలో దిగారు. కర్ర ఎత్తి, ఉతికిన చీర దులిపినట్టు దారాన్ని వెనక్కీ ముందుకీ ఆడించి విసిరారు. చప్పట్లు కొట్టారు అందరూ. పది విసుర్లయ్యాక చప్పట్లు ఆగాయి. అరగంటయ్యాక అంత్యాక్షరి మొదలైంది.

ఆ రోజు ఎందుకో ఈకల ఎర నీళ్ల మీద మెత్తగా వాలకుండా చప్పుడు చేస్తూ పడుతోంది. "చలికి చెయ్యి బిగుసుకుపోయింది" అని సణుక్కున్నారు. గంటన్నర దాటింది. ఆయన పెదవులు నల్లబడ్డాయి. పైకి రమ్మని పిలుద్దామనుకుని కూడా ఊరుకున్నాను. చేప లేకుండా ఆ నలభై మంది మధ్యకు ఎలా వస్తారు? నేను మొక్కని దేవుడు లేడు. శాకాహారి దేవుళ్లకు కూడా మొక్కాను.

ఉన్నట్టుండి కర్ర విల్లులా వంగింది.

"తగిలింది!" అన్న కేక మా ఆయనదో గంగారాందో తెలియలేదు. అంత్యాక్షరి ఆగిపోయింది. నీళ్లు బుడుంగుమన్నాయి. మా ఆయన ఏం చేశారో తెలుసా? కెనడాలో చేసిందే చేశారు. కంగారుపడి, బలమంతా పెట్టి లాగారు.

"గుంజకుండ్రి సారూ! తెగుతది! జర వదులుండ్రి!" గంగారాం అరుపుకు అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.

నేను కళ్లు మూసుకున్నాను. తెగిన శబ్దం కోసం ఎదురుచూశాను. రాలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన ఇంకా లాగుతూనే ఉన్నారు, దారం బిర్రుగా నిలిచే ఉంది. గంగారాం బట్టలతోనే నీళ్లలోకి దూకి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. వదిలారు, చుట్టారు, మళ్లీ వదిలారు. చివరికి ఇద్దరూ కలిసి ఒడ్డు మీదికి లాగింది పెద్ద వాలుగ. పొలుసులేని ఒళ్లు, పొడుగు మీసాలు, ఎండ పడితే వెండే.

ఈలలు, కేకలు, గంతులు. ఎవరో నా నోట్లో పోంక్ కుక్కారు. ఆదర్శ్ ఫోన్ పైకెత్తాడు. "సార్, ఫొటో! కెనడాలోలాగే పట్టుకోండి!"

మా ఆయన చేపను రెండు చేతులతో ఎత్తారు. ఎత్తినవారు అలాగే ఆగిపోయారు.

"ఆగు ఆదర్శ్. కెనడా చేప నాది కాదు. నాది తెగిపోయింది. అది వేరేవాళ్లు పట్టింది. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను."

నలభై తలలూ ఆదర్శ్ వైపు తిరిగాయి.

"తెలుసు సార్" అన్నాడు ఆదర్శ్ నెమ్మదిగా. "ఆ ఫొటోలో కర్ర పక్కాయన చేతిలో ఉంది. ఆయన నవ్వుతున్నాడు, మీరేమో ఏడుపు మొహంతో ఉన్నారు. చేప పట్టినవాడి మొహం అలా ఉండదు సార్."

"తెలిసీ ఇంతమందిని ఎందుకు పోగేశావురా?"

"మీరు ఒంటరిగా ఉన్నప్పుడు నిజంగా పడితే ఎవరు నమ్ముతారు సార్? సాక్షులుంటే మంచిదని."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దాచుకోలేదు. ఈలోగా తడిసి ముద్దయిన గంగారాం ముందుకొచ్చాడు. తప్పులు ఒప్పుకునే రోజేమో అనుకున్నట్టున్నాడు పాపం.

"సారూ, నాతోని గూడ ఒక తప్పయింది. మీ దారం కొసకు సన్నగైపోతుంటె ఖరాబైన మాల్ అనుకున్న. గట్ల ఎక్కువ తక్కువున్న పోగు మగ్గమెక్కిస్తె మా సేటు తిడతడు. అందుకే ఆ సన్నం తుంట కోసేసి, మా షెడ్డుల పాలిస్టర్ పోగు నాలుగు వరసలు పేని ముడేసిన."

మా ఆయన వంగి చేప నోటి దగ్గర దారం చూశారు. తెల్లగా, లావుగా, మైలు దూరం నుంచి కనబడేలా ఉంది. అది చూసి కూడా వచ్చిన చేపది ఏం తెలివో!

"అయితే దీన్ని పట్టింది నువ్వే గంగారాం. నా దారమైతే ఇవాళా తెగేది. ఫొటో నీకే తియ్యాలి, పట్టుకో!"

"నేనెందుకు పట్టుకుంట సారూ? కర్ర మీ చేతుల ఉండె!"

"ముడి నీది!"

"చాప మీది!"

నువ్వంటే మీరు, మీరంటే నువ్వు. ఆయన అతని చేతుల్లోకి తోయడం, అతను తిరిగి ఈయన చేతుల్లోకి తోయడం. వాలుగ అసలే నూనె పూసిన ఒళ్లు. ఇద్దరు సత్యవంతుల మధ్య నుంచి జర్రున జారి, ఒక్క తోక విసురు విసిరి, తాపీలో కలిసిపోయింది. ఆదర్శ్ ఫోన్‌లో పడింది నాలుగు నీటిచుక్కలూ గంగారాం చెవీ. ముందు మా ఆయనే నవ్వారు. ఆ నవ్వుకు నలభై మందీ పడిపడి నవ్వారు.

బుధవారం సాయంత్రం కూరగాయలు తీసుకుని ఇద్దరం లిఫ్టులో వస్తున్నాం. కింది అంతస్తులో ఉండే ఆఫీసువాళ్ల అమ్మాయి నిఖిత ఎక్కింది. పరీక్ష ఉండి పిక్నిక్‌కు రాలేదు ఆ పిల్ల.

"అంకుల్, చేప పట్టారటగా! ఎంతుంది?"

ఆయన మొహమాటంగా రెండు చేతులూ ఎత్తి జానెడు దూరంలో ఆపారు. అబద్ధం దొర్లుతుందేమోనన్న భయంతో ఆ జానెడును ఇంకా దగ్గరకు కూడా జరిపారు.

నేను సంచీ కింద పెట్టాను. ఆయన రెండు చేతులూ పట్టుకుని, లిఫ్టు ఈ గోడ నుంచి ఆ గోడకు తగిలేదాకా చాపాను.

"ఇంతుంది" అన్నాను. "నేను చూశాను."