అరంగుళం లూజు

“ఏమే ఉజ్మా, నా టేపేదే?”

మెడలో టేపు లేకుండా మా అత్తమ్మ హలీమాకి పొద్దున ఏడు దాటదు. నరసరావుపేటలో మా ఇంటి ముందు గదే మా కుట్టు దుకాణం. జాకెట్లు ఆమె కుడుతుంది, ప్యాంట్లు, చొక్కాలు మా మామయ్య జమాల్ కుడతాడు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు నావి.

“నాజియా బడి సంచిలో ఉందత్తమ్మా. నిన్న సాయంత్రం దాని తల కొలిచా.”

“తలకాయలు కొలిచే టేపా అది? గుండ్రంగా ఉన్నదాని మీద గుంజితే సాగదూ? సాగిన టేపుతో జాకెట్టు కుడితే పెళ్లికూతురు పీటల మీద ఊపిరాడక పడిపోద్ది.”

అక్కడితో నేను ఊరుకోవాల్సింది. “అదే టేపుతో కొలిచి అదే టేపుతో కత్తిరిస్తావు గదా. సాగినా తేడా ఏముంది?” అన్నాను.

మామయ్య మిషను ఆపాడు. “వకీలు కోసం జనం కోర్టు దాకా ఎందుకు పోతారో. మనింట్లోనే ఉంటే.”

“నువ్వు నవ్వబాక,” అని అత్తమ్మ ఆయన మీదికి తిరిగింది. “తేడా లేదంట! పన్నెండేళ్లలో ఒక్క జాకెట్టు తిరిగొచ్చిందా ఈ గడపకి? చెప్పమను.”

“ఇరవై రూపాయల టేపుకి ఇంత పంచాయితీ ఏందమ్మీ,” అన్నాడు వాళ్లమ్మతో మా ఆయన ఫిరోజ్, చెప్పులేసుకుంటూ. కుట్టు మిషన్లు బాగుచేసే పని అతనిది. ఆ రోజు ఎడ్లపాడు పోతున్నాడు. “వచ్చేటప్పుడు ఇంకోటి తెస్తాలే.”

తేలేదు. మర్చిపోయాడు.

నేను తలలు కొలిచేది సరదాకి కాదు. పెళ్లికి ముందు బియ్యెస్సీ చదివాను. నాజియాకి మూడేళ్లు వచ్చాక యూనివర్సిటీ దూరవిద్యలో ఎమ్మెస్సీ ఆంత్రోపాలజీకి చేరాను. పిల్లల ఎదుగుదల మీద సర్వేలు చేసేచోట ఆ చదువుకి ఉద్యోగం వస్తుందని ఆశ. రాతపరీక్షలన్నీ పాసయ్యాను. బయోలాజికల్ ఆంత్రోపాలజీ ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. చేరి నాలుగేళ్లయింది. ఇదే ఆఖరి గడువు. ఈసారి ఆ ఒక్కటి పోతే, పాసైనవి కూడా చెల్లవు.

మొదటి ప్రాక్టికల్ క్లాసు నాకు బాగా గుర్తు. గుంటూరులో, ఒక ఆదివారం. సుభాషిణి మేడమ్ బల్ల మీద పుర్రె పెట్టి, కళ్లు మూసుకుని వేళ్లతో చూడమన్నారు. నా పక్కనున్న కిరణ్ కుమార్ మాచర్లలో బడిపంతులు. చేతులు వెనక్కి పెట్టుకుని, “ఎవరిదో ఏమో మేడమ్, వాళ్లింట్లోవాళ్లు ఏమనుకుంటారో,” అన్నాడు. అందరూ నవ్వారు. నేను తాకాను. కనుబొమల మధ్య చిన్న మిట్ట, చెవి వెనక కిందికి దిగిన గుబ్బ. మర్నాడు నాజియాకి జడ వేస్తుంటే అదే గుబ్బ నా వేళ్లకి తగిలింది. పుట్టినప్పటినుంచీ ఆ తల దువ్వుతున్నాను, అది అక్కడ ఉన్నట్టు అంతకుముందు తెలియదు. ఆ తర్వాత బస్సులో ముందు సీట్లో ఎవరు కూర్చున్నా వాళ్ల మెడ వెనక ఎముకలు చూసుకుంటూ ఫిరంగిపురం దాటేదాన్ని.

మేడమ్ పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి కొలతా రెండుసార్లు తీయాలి. మొదటిది ఎంత వచ్చిందో చూడకుండా రెండోది తీయాలి. రెండూ పక్కపక్కన రాయాలి. “ఆ రెండింటి మధ్య తేడా ఆ మనిషిది కాదు, మీది,” అనేవారు.

ప్రాక్టికల్‌కి రెండు దారులు ఇచ్చారు. మాచర్ల అవతల ఒక తండాలో ఏడు రోజుల క్యాంపుకి వెళ్లి, మేడమ్ కళ్లముందు నలభైమంది ఆడవాళ్లని కొలవాలి. లేదా ఉన్న ఊళ్లోనే నలభైమందిని కొలిచి రికార్డు రాసి తీసుకెళ్లాలి. క్యాంపు వచ్చే పద్నాలుగున మొదలు.

క్యాంపు సంగతి ఇంట్లో మూడుసార్లు ఎత్తాను. ఎవరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడి ఉండేదాన్ని. “పోవచ్చులేమ్మా, ఈ పెళ్లి గుడ్డలు అయిపోనీ,” అన్నాడు మామయ్య. పత్తి వ్యాపారి ఇల్లాలు ప్రసన్నలక్ష్మి గారి అమ్మాయికి పెళ్లి. ముప్పై ఒక్క జాకెట్లు, ఇరవయ్యో తేదీకల్లా ఇవ్వాలి. “అమ్మీ కంటికి ఆపరేషనై నెల కాలేదు. నువ్వు లేకపోతే సూదిలో దారం ఎవరెక్కిస్తారు?” అన్నాడు ఫిరోజ్. నిజమే. “నాకు జడలెవరేస్తారు?” అంది నాజియా. అదీ నిజమే. ఒక్కటైనా అబద్ధం చెప్పి ఉంటే దాన్ని పట్టుకుని బయటపడేదాన్ని.

అందుకని రెండో దారి పట్టాను. దుకాణానికి వచ్చిన ఆడవాళ్లని కూర్చోబెట్టి కొలవటం మొదలుపెట్టాను. భుజం చివర ఎముక, మోచేతి ఎముక వెతికి, ఆ రెంటికీ సరిగ్గా మధ్యన పెన్నుతో చుక్క పెట్టి, అక్కడ చెయ్యి చుట్టుకొలత తీయాలి. ఛాతీ, నడుము, తల, ఎత్తు. అన్నీ రెండుసార్లు. ఒక్కొక్కరికి అరగంట. అప్పటిదాకా టేపు నా దగ్గరే. అత్తమ్మ కత్తెర పట్టుకుని నిలబడి ఉండేది.

టేపు గొడవైన రోజు మధ్యాహ్నం ఆమె నా ముందు ఒక పుస్తకం పెట్టింది. అట్ట ఊడిపోయి, గుడ్డముక్కతో కుట్టి ఉంది. ఆమె కొలతల పుస్తకం.

“నీక్కావాల్సింది ఆడోళ్ల కొలతలే గదా. పేటలో సగంమంది ఇందులో ఉన్నారు. చెయ్యి, ఛాతీ, నడుం, అన్నీ నా చేత్తో కొలిచినయ్యే. రాసుకో. నా టేపు నా మెళ్లో ఉండనీ.”

ఆమె ఆ పుస్తకాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు. అట్లాంటిది నా ఒళ్లో పెట్టింది. కాదనాలని నాకు తోచనైనా తోచలేదు. ఇల్లు కదలకుండా, ఎవరికీ ఇబ్బంది లేకుండా చదువు గట్టెక్కుతుందనిపించింది.

తల, ఎత్తు నిమిషం పని కాబట్టి దుకాణానికి వచ్చినవాళ్లకి కొలుచుకున్నాను. మిగతావి పుస్తకంలోంచి దించాను. అంగుళాలని సెంటీమీటర్లు చేశాను. రెండో వరస ఖాళీగా ఉండిపోయింది. కాసేపు దానివంక చూశాను. తర్వాత మొదటి అంకెకి ఒకచోట రెండు మిల్లీమీటర్లు కలిపి, ఒకచోట రెండు తీసేసి నింపాను. కుట్టు వంకరగా పోతే నాలుగుసార్లయినా విప్పి కుట్టేదాన్ని నేను. ఆ నాలుగు మధ్యాహ్నాలు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

అత్తమ్మ మాత్రం వీధంతా చెప్పుకుంది. మా వెనకింటి రత్తమ్మ గుమ్మంలోనే అందుకుంది.

“ఏం హలీమక్కా, నా నడుం యూనివర్సిటీకి పంపావంటగా? నలుగురూ చూసేదని తెలిస్తే నాల్రోజులు అన్నం మానేసేదాన్ని గదా!”

“నీ పేరు రాయలా పిన్నీ, నంబరే,” అన్నాను.

“ఎన్నో నంబరు?”

“పదిహేడు.”

“లావు లెక్కనా, అందం లెక్కనా?”

అత్తమ్మ పడీ పడీ నవ్వింది. “నా పుస్తకంతో మా కోడలు పీజీ పాసవుద్ది చూడు,” అంది. ఆ మాట ఆమె కనీసం పదిమందితో అని ఉంటుంది.

గురువారం రికార్డు తీసుకుని గుంటూరు వెళ్లాను. సుభాషిణి మేడమ్ పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి, పెన్ను మూతతో వరస వెంట కిందికి వచ్చారు.

“చేతి చుట్టుకొలత. ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది. ఇరవై తొమ్మిది పాయింట్ రెండు. ముప్పై పాయింట్ ఐదు. మళ్లీ ఇరవై తొమ్మిది పాయింట్ రెండు. పన్నెండో నంబరు నుంచి మీ ఊళ్లో అందరి చేతులూ అరంగుళం అరంగుళం దగ్గరే ఆగాయా ఉజ్మా? మధ్యలో ఒక్కరూ లేరా?”

మేడమ్ పేజీ తిప్పారు.

“రెండో వరసలోనూ అక్కణ్నుంచి తేడా అన్నిచోట్లా రెండు మిల్లీమీటర్లే. ఇరవై ఏళ్లుగా కొలుస్తున్నాను, నాకింత నిలకడ రాలేదు.” ఆమె గొంతు పెంచలేదు. చీర కొంగు పక్కకి తీసి చెయ్యి చాపారు. “ఏదీ, నాది కొలవండి.”

ఎముకలు వెతికి చుక్క పెట్టాను. బల్ల మీదున్న టేపు తీసి చుట్టాను. ముప్పై వచ్చింది.

“టేపు కింద ఏముందో చూసుకోండి.”

నా రెండు వేళ్లు ఉన్నాయి. చూపుడువేలు, నడిమివేలు. అవి ఎప్పుడు దూరాయో నాకు తెలియదు. పెళ్లయి వచ్చిన మొదటి వారంలో అత్తమ్మ నాకు నేర్పిన పని అది. టేపు కింద రెండు వేళ్లు పెట్టి కొలిస్తే జాకెట్టుకి కావాల్సిన లూజు దానంతటదే వస్తుంది, చెయ్యెత్తినా చంక దగ్గర చిరగదు. ఆమె పుస్తకంలో ప్రతి కొలతలోనూ ఆ వేళ్లున్నాయి. పుస్తకం ముట్టుకోకముందు నేను సొంతంగా కొలిచిన పదకొండుమందిలోనూ ఉన్నాయి.

“వేళ్లు తీసి కొలవండి.”

తీశాను. టేపు బిగించేలోపు మళ్లీ దూరాయి. మూడోసారి ఆ రెండు వేళ్లనీ అరచేతిలోకి మడిచిపెట్టి కొలిచాను. ఇరవై ఎనిమిది పాయింట్ ఆరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగరాతలు పట్టుబడినందుకు కాదు. ఇల్లు నా చేతిలో అంత లోపలికి వచ్చేసిందని నాకు తెలియదు.

“ఇది చెడ్డ చెయ్యి కాదు,” అన్నారు మేడమ్. “వేరే పనికి అలవాటుపడిన చెయ్యి. మీరింట్లో కూర్చుని ఇంకో వందమందిని కొలిచినా ఇదే వస్తుంది. పక్కన ఒకరుండి చూస్తేగాని ఈ అలవాటు పోదు. పద్నాలుగున క్యాంపుకి రండి. వస్తే ఈ రికార్డు నేను చూడలేదనుకుంటాను. రాకపోతే, చూశానని రాయాలి.”

ఇంటికొచ్చాక అత్తమ్మ “ఏమన్నారు?” అంది. తలనొప్పిగా ఉందని చెప్పి, హుక్కుల డబ్బా ముందు కూర్చున్నాను. పుస్తకం తప్పన్నారని ఎట్లా చెప్పను? చెప్పకపోతే గడువు దాటుతుంది. దారం ఎక్కించి ఇమ్మని ఆమె సూది చాపింది. ఎక్కించి ఇచ్చాను.

మర్నాడు శుక్రవారం. పొద్దున నాజియాని బడిలో దింపటానికి వెళ్లినప్పుడు దాని సంచితో పాటు ఇంకో పెద్ద సంచి నా చేతిలో ఉంది. తిరిగి రావటానికి గంట పైనే పట్టింది.

శుక్రవారం నమాజు అయ్యాక అందరం కలిసి తింటాం. నాజియాకి ఆ రోజు ఒంటిపూట బడి. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, బగారా అన్నం, దాల్చా పెట్టాను. అత్తమ్మ వడ్డిస్తోంది.

“ఇంతకీ నా పుస్తకం పాసైందా?” అంది, మామయ్య వంక గర్వంగా చూస్తూ.

“లేదత్తమ్మా.”

గరిటె ఆగింది. “ఏం? ఏం తప్పు దొరికింది దాంట్లో?”

“తప్పు లేదు. లూజు ఉంది. నువ్వు వేళ్లు పెట్టి కొలిచావు.”

“పెట్టకపోతే? జాకెట్టు ఒంటికి దిగుద్దా?”

“జాకెట్టుకి కావాలి. వాళ్లకి ఉత్త చెయ్యి కావాలి, మిల్లీమీటరుతో సహా. నువ్వు ప్రతి మనిషికీ అరంగుళం ఎక్కువిచ్చావు. నేనూ అట్లాగే ఇస్తన్నా. నిన్న మేడమ్ చెయ్యి కొలిస్తే ఆమెకీ ఇచ్చా.”

మామయ్య నవ్వబోయి, అత్తమ్మ మొహం చూసి మానేశాడు. ఆమె తన కుడిచేతి రెండు వేళ్లని చూసుకుంటోంది.

“మరైతే మళ్లీ రాసియ్యి. అరంగుళం తీసేసి రాయి,” అన్నాడు ఫిరోజ్. “అదెంత పని?”

“ఎవరికెంత పోయిందో నాకు తెలియదు. కొందరికి ముప్పావు, కొందరికి పావు. మళ్లీ దొంగరాతే అవుద్ది.” నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “పద్నాలుగున క్యాంపుకి పోతన్నా. ఏడు రోజులు.”

“పెళ్లి గుడ్డలో?” అన్నాడు మామయ్య.

“పొద్దున ప్రసన్నలక్ష్మి గారింటికి పోయొచ్చా. పద్దెనిమిది జాకెట్లే ఇవ్వగలమని చెప్పా. పదమూడోతేదీ లోపల వాటి చేతిపనంతా నేను చేసిపెడతా. మిగతా పదమూడింటి గుడ్డలు వెనక్కిచ్చేశా, వేరేచోట కుట్టించుకోమని.”

“ఇచ్చేశావా?” ఫిరోజ్ చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. “అడక్కుండానా? అమ్మీ చేతికొచ్చిన పనిని?”

“అడిగితే పోవచ్చులే అంటారు. మూడుసార్లు అన్నారు.”

నాజియా ఒక్కొక్కరి మొహం చూస్తోంది. అత్తమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. నావంక కాదు, దుకాణం గదిలో మూల పేర్చిన గుడ్డల వంక చూసింది. అక్కడ దొంతి తగ్గిన సంగతి అప్పుడే ఆమె కళ్లకి ఆనినట్టుంది.

“ఏ పదమూడు?” అంది.

“మామూలువి. కాటన్‌వి.”

“పట్టువి?”

“పట్టువి మన దగ్గరే ఉన్నాయి.”

ఆమె సరేననలేదు. వద్దనీ అనలేదు. మెడలో టేపు ఊడి పళ్లెంలో పడబోతే తీసి వెనక్కి వేసుకుంది.

“పద్నాలుగున పొద్దునే బస్సు,” అన్నాను మళ్లీ, ఈసారి అందరికీ వినబడేట్టు.