పందొమ్మిది పెరళ్లు

పందొమ్మిది వందల యాభై నాలుగు, నవంబరు పద్నాలుగు, ఆదివారం. ఆ రోజు రిబ్కా ఇంట్లో జొన్నన్నం, సొరకాయ పులుసు. ప్రార్థన ముగించుకుని వచ్చి, మొగుడు దేవానందానికీ అత్త రావమ్మకీ వడ్డించి, తను రెండో ముద్ద కలుపుతుండగా పెరట్లో పందిరి కూలిన చప్పుడైంది.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తింది. భూస్వామి వీరరాఘవయ్య పాలేర్లు నలుగురు కొడవళ్లతో పాదులు కోస్తున్నారు. గట్టు మీద గొడుగు వేసుకుని ఆయన గుమాస్తా జగన్నాథరావు నిలబడి ఉన్నాడు. ముదిరిన సొరకాయ ఒకటి మట్టిలో దొర్లుతోంది. దాని తొడిమకి రావమ్మ ఎర్ర పేలిక కట్టి ఉంచింది. పేలిక కట్టిన కాయని ఆ పల్లెలో దొంగ కూడా ముట్టడు. అది కూరకి కాదు, మరుసటేటి విత్తనానికి.

"అది విత్తనపు కాయండి," అంది రిబ్కా.

"తెలుసు," అన్నాడు జగన్నాథరావు. "అందుకే ముందు దాన్ని కోయించాను."

తిరువూరికి మూడు మైళ్ల దూరాన వాగొడ్డున ఉంది ఆ పల్లె. పందొమ్మిది గుడిసెలు, ఒక్కో గుడిసె వెనక ఐదేసి సెంట్ల పెరడు. వాళ్ల తాతలు రాళ్లు ఏరి, ముళ్ల కంప నరికి చేసుకున్న నేల. అది సర్కారు బంజరు, పట్టాలివ్వండి అని కూలి సంఘం తరఫున దేవానందం అర్జీ పెట్టాడు. కాదు, నా మామిడి తోటలో భాగం అన్నాడు వీరరాఘవయ్య. ఇరవై తొమ్మిదో తారీకున రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడని తలారి చెప్పి వెళ్లి రెండు రోజులు కాలేదు. నేల సాగులో ఉంటే పల్లెది, బీడు పడి ఉంటే వీరరాఘవయ్యది. ఇన్‌స్పెక్టరు చూసి రాసుకునేది ఆ ఒక్క ముక్కే.

పొద్దు వాలేసరికి పందొమ్మిది పెరళ్లూ బోడిగా మిగిలాయి. చూరుకి వేలాడదీసుకున్న విత్తనాల కుండలు కూడా బండికెత్తుకుపోయారు.

సాయంత్రం ప్రార్థన పాక ముందు అందరూ చేరారు.

"ఇంకో అర్జీ రాద్దాం. రేపే బెజవాడ బస్సెక్కి సంఘం ఆఫీసుకెళతా," అన్నాడు దేవానందం.

"మొదటి అర్జీకి పాదులు పోయినయ్. రెండోదానికి గుడిసెలు పోతయ్," అన్నాడు పల్లె పెద్ద. "పోయి ఆయన కాళ్లు పట్టుకుందాం."

"పట్టుకుని ఏమడుగుతావు తాతా? సొరకాయని మళ్లీ తీగకి అతికించమనా?" అన్నాడెవడో. నవ్వారు గానీ ఆ నవ్వు నిలవలేదు. ఒకరి మాట మీద ఒకరు అరుచుకున్నారు. తన్నాలన్నవాడొకడు, తిరువూరు పోయి స్టేషన్లో చెప్పాలన్నవాడొకడు. స్టేషన్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసినవాళ్లు తల దించుకుని నేల గీస్తున్నారు.

రిబ్కా మీటింగులో ఎన్నడూ నోరు తెరిచింది కాదు. ఆడవాళ్ల వరసలో చివర కూర్చుని ఆమె వేళ్ల మీద రోజులు లెక్కబెట్టుకుంటోంది.

"తోటకూర నాలుగో రోజుకి మొలుద్ది," అంటూ లేచి నిలబడింది.

తలలు వెనక్కి తిరిగాయి.

"మెంతులు మూడో రోజుకే. బొబ్బర్లకి ఐదారు రోజులు. ఇన్‌స్పెక్టరొచ్చేనాటికి పెరళ్లు పచ్చగా ఉండాలి, అంతేగా?"

"విత్తనాలేయే? కుండలతో సహా ఎత్తుకుపోతేనూ," అంది రావమ్మ.

"అడుగుదాం అత్తా."

"ఎవర్ని?"

"అందర్నీ. సంఘానికి చందాలడగటంలా? డబ్బులు ఎవరి దగ్గరా లేవు. గుప్పెడు విత్తనాలు లేని ఇల్లుందా?"

"కొంగు పట్టుకుని ఊళ్లు తిరిగితే దాన్ని చందా అనరు, బిచ్చమంటారు," అన్నాడు పెద్దాయన.

రిబ్కా కూర్చోబోయి ఆగిపోయింది. "బిచ్చమైతే నా ఇంట్లో పెట్టుకుంటా బాబాయ్. ఇది నీ పెరట్లో కూడా చల్లుతా."

దేవానందం ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. బెజవాడ బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు వెలుగు రాకముందే ఆడవాళ్లు మూడు జట్లుగా కదిలారు. ఒక జట్టు రెడ్డిగూడెం తోటల వైపు, ఒకటి ఎ.కొండూరు వైపు. రిబ్కా జట్టు విస్సన్నపేట వెళ్లింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది గానీ మొదటి గుమ్మం ముందు నోరు తెరవనివ్వలేదు. "పనుల్లేవు, పొండి పొండి," అని లోపల్నుంచే కసిరారు. రెండో ఇంట్లో కుక్కని ఉసిగొల్పారు. మూడో ఇంటి దగ్గర రిబ్కా ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. పేలిక కట్టిన కాయ కోశారని చెప్పగానే ఆ ఇంటి ముసలామె చేతిలోని చేట కింద పెట్టింది. "విత్తనపు కాయనా?" అని రెండుసార్లడిగింది. లోపలికి పోయి గుప్పెడు గోంగూర విత్తనాలు తెచ్చింది.

బజారులో కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కన్యకాపరమేశ్వరమ్మ కూర్చుని ఉంది. భర్త మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఆమే కొట్టు చూసుకుంటోంది. రిబ్కా చెప్పిందంతా విని, ఎదురుగా ఉన్న మెంతుల బస్తాలో చెయ్యి పెట్టి, తీసేసింది.

"ఇవి పాతవమ్మా. పోపుకి పనికొస్తాయి గానీ మొలవవు. ఉండండి."

లోపలికెళ్లి చిన్న మూట తెచ్చింది. "మా పెరటి కోసం తీసి పెట్టుకున్నవి. ఇవి మొలుస్తాయి." అరుగు మీద నుంచి కిందికి వదలబోయి ఆగింది. మెట్లు దిగి వచ్చి, రిబ్కా పట్టుకున్న కొంగు ముడిలో తన చేత్తోనే పెట్టింది. "మొలిచాక కబురు చెయ్యండి," అని మళ్లీ గల్లాపెట్టె దగ్గరకెళ్లి కూర్చుంది.

రెడ్డిగూడెం తోటల్లో మామిడి పాదులు తవ్వే కూలీలు బొబ్బర్లిచ్చారు. కొండూరు చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఇస్తూ ఇస్తూ తమ గోడు చెప్పుకున్నారు. మా నేలకీ కాగితం లేదు, మీ పెరళ్లు నిలబడితే మేమూ అర్జీ పెడతాం అన్నారు. "ఇన్‌స్పెక్టరొచ్చే రోజు మేమూ వస్తాం," అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం మూడు జట్లూ వాగు దగ్గర కలుసుకున్నాయి. అప్పుడే వాన ముంచుకొచ్చింది. మూటలు తడుస్తున్నాయి. మూత ఉన్నది ఒక్కటే పెద్ద సత్తు గిన్నె. రిబ్కా ఆలోచించలేదు. అన్ని మూటలూ విప్పి అందులో గుమ్మరించి, మూత పెట్టి నెత్తికెత్తుకుంది.

ఇంటికొచ్చాక రావమ్మ మూత తీసి నెత్తి బాదుకుంది. తోటకూర, మెంతులు, గోంగూర, బొబ్బర్లు, ధనియాలు, జొన్నలు, అన్నీ కలగాపులగం.

"ఏదెంత లోతున వెయ్యాలో ఇప్పుడెట్టా తెలుస్తుందే నీకు? ఇరవయ్యేళ్లు నా పక్కన కలుపు తీసి నేర్చుకున్నదిదా?"

పల్లెంతా రిబ్కా మాట నమ్మి ఊళ్లు తిరిగింది. అంతా తన చేత్తోనే పాడుచేసిందా అని ఆమెకి నిద్ర పట్టలేదు. తెల్లారగానే అత్తా కోడళ్లు చేట, జల్లెడ ముందేసుకుని కూర్చున్నారో లేదో, జగన్నాథరావు వచ్చాడు. వెంట తిరువూరు హెడ్డు కానిస్టేబులు.

"అదే గిన్నె. మా గరిసెల్లోంచి పోయిన విత్తనాలు. రాసుకోండి," అన్నాడు జగన్నాథరావు.

క్షణంలో పల్లె మొత్తం ఆ వాకిట్లో ఉంది. హెడ్డు గిన్నెలో చెయ్యి పెట్టి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచి చూశాడు. రావమ్మ చేట ఆపలేదు.

"అయ్యగారి గరిసెల్లో ఇట్టాగే పోసుకుంటారా బాబూ? తోటకూరలో జొన్నలు, జొన్నల్లో మెంతులు? పాపం, వంటావిడ ఎట్టా వేగుతుందో."

వాకిలంతా ఘొల్లుమంది. హెడ్డు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు.

"ఇది దొంగసొమ్ములా లేదండీ గుమాస్తాగారూ. పది ఊళ్లు తిరిగినట్టుంది."

రిబ్కాకి గుండెల మీది బండ దొర్లిపోయినట్టయింది. జగన్నాథరావు ముఖం మాడింది. "సరే, దొంగతనం కాదు. అయ్యగారి భూమిలో జొరబడి విత్తుతున్నారు. జనాన్ని రెచ్చగొడుతున్నది ఈ దేవానందమే. తీసుకెళ్లండి."

ఈసారి హెడ్డు నవ్వలేదు. వీరరాఘవయ్య మాట కాదంటే తన ఉద్యోగం ఏమవుతుందో అతనికి తెలుసు. "పద. చేతులకి తాడు ఊరు దాటాక కడతాలే," అన్నాడు దేవానందంతో, మెల్లగా.

జనం హెడ్డు చుట్టూ మూగారు. స్టేషనుకి అందరం పోదాం అన్నారు. రిబ్కా ముందుకు ఉరికింది. దేవానందం ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వు రావద్దు."

"నిన్నొక్కణ్ణే పంపమంటావా?"

"అందరూ నా వెంటొస్తే వీళ్లక్కావల్సింది అదే. ఇవాళ విత్తకపోతే నేను జైలుకెళ్లీ దండగ."

"విత్తనాలన్నీ కలిసిపోయినయ్. నేనే కలిపేశా."

"కలిసే మొలవనీ," అన్నాడతను, వెనక్కి చూడకుండా నడుస్తూ.

మగవాళ్లు పదిమంది స్టేషను దాకా వెళ్లారు. మిగిలిన పల్లె పెరళ్లలోకి దిగింది. ఏరటానికి టైం లేదు. రావమ్మ గొణుక్కుంటూనే విత్తనాల్లో దుమ్ము మట్టి కలిపి, ఎలా చల్లాలో చూపించింది. గిన్నెలోది ఇంటికింత పంచారు. రెండు పూటలా వాగు నుంచి కడవలు మోశారు. పెద్దాయన తన పెరటి దగ్గర గొంతుక్కూర్చుని రోజూ నేలకేసి చూస్తుండేవాడు. నాలుగో రోజు పొద్దున "రిబ్కా" అని పిలిచి, నేల మీద వేలితో చూపించాడు. సూది మొనంత ఎర్రటి తోటకూర మొలక.

ఇరవై తొమ్మిదిన ఇన్‌స్పెక్టరు జీపు దిగేసరికి వాగొడ్డు నిండా జనం. కొండూరు వాళ్లు, రెడ్డిగూడెం తోట కూలీలు, తిరువూరు నుంచి హైస్కూలు పిల్లలు కొందరు. వీరరాఘవయ్య స్వయంగా వచ్చాడు. పందొమ్మిది పెరళ్లూ పచ్చగా, గజిబిజిగా ఉన్నాయి. మెంతి మధ్యన బొబ్బరి, బొబ్బరి పక్కన జొన్న.

"ఇదేం సాగండీ? గాలికి పడి మొలిచిన కలుపు," అన్నాడు వీరరాఘవయ్య.

"ఎవరు విత్తారు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది రిబ్కా. "నేను," అన్నాడు పెద్దాయన. నేను, నేను అంటూ ఆ మాట వాగు అవతలి గట్టు దాకా పోయింది.

వీరరాఘవయ్య వెనక్కి తిరిగి పాలేర్లతో, "పీకి పారెయ్యండ్రా," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆ రోజు పాదులు కోసిన నలుగురూ వాళ్లే. వాళ్లలో పుల్లయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇందులో మా ఆడది సుబ్బాయమ్మ కూడా గుప్పెడు వేసిందంటయ్యా. నాకు నిన్ననే చెప్పింది. ఏ మొక్క దాందో తెలవటంలా. ఏది పీకమంటారు?"

"నీకు రేపట్నుంచి పని లేదు."

"సరేనయ్యా," అన్నాడు పుల్లయ్య. గట్టు దిగి వచ్చి జనంలో నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ కొడవళ్లు నడుముకి దోపుకున్నారు.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సవరించుకుని, 'సాగులో ఉన్నది' అని రాసుకున్నాడు. పట్టాల సంగతి తహసీల్దారుగారు తేలుస్తారన్నాడు. జీపు వెళ్లిపోయింది. దేవానందాన్ని నూజివీడు సబ్‌జైలుకి మార్చారని అప్పుడే హైస్కూలు పిల్లలు చెప్పారు. రిబ్కాకి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. నీళ్ల కడవెత్తుకుని పెరట్లోకి పోయింది.

ఆ మధ్యాహ్నమే పాక ముందు మళ్లీ మీటింగు. ఈసారి ఎక్కువ మాటల్లేవు. వీరరాఘవయ్య చెరువు కింద వరి పండి వంగి ఉంది. నాలుగు రోజులాగితే గింజ రాలిపోతుంది. దేవానందం ఇంటికొచ్చేదాకా, పుల్లయ్యకి పనిచ్చేదాకా ఎవరూ ఆ చేలో కొడవలి పెట్టకూడదు. కొండూరు వాళ్లు కూడా సరేనన్నారు.

దీపాలు పెట్టేవేళకి జగన్నాథరావు వచ్చాడు. కోతల కాలంలో మర్నాటి కూలీలను పిలవటానికి అలా రావటం, వీధి మొదట నిలబడి కేకేయటం, ఇంటింటి నుంచీ "వస్తన్నామండీ" అనటం ఏళ్ల నాటి నుంచీ ఉన్నదే.

"రేపు చెరువు కింద కోత," అని కేకేశాడు.

మొదటి గుడిసె తడిక వాకిలికి జరిగింది. తరవాత రెండోది. పెద్దాయన అరుగు మీంచి లేచి, దుప్పటి దులుపుకుని లోపలికెళ్లి తన తడిక వేసుకున్నాడు. జగన్నాథరావు ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ, గొంతు పెంచుతూ, తగ్గిస్తూ చివరి గుడిసె దాకా వచ్చాడు.

"ఏమ్మా రిబ్కా," అన్నాడు. ఆమెను అతను అమ్మా అని పిలవటం అదే మొదలు. "మీ ఇంట్లోంచైనా వస్తారా?"

రిబ్కా గడపలో నిలబడి అతని వంక చూసింది. భయం పోలేదు. అయినా వంగి, తడికని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుని, లోపల తాడు ముడివేసింది.