సాయం చేసేవారు

చిక్కుడుకాయల నార తీస్తూనే రచన ముప్పై ఎనిమిదో పేజీ తిప్పింది. పిల్లల కోసం కొత్తగా వచ్చిన పుస్తకం. తెలంగాణ చరిత్ర, సంస్కృతి అంతా రంగు బొమ్మలతో సహా ఉంది. బడి లైబ్రరీకి కొనవచ్చా లేదా చూసి ఫారం నింపాలి. నింపాల్సింది హెడ్మాస్టర్ వైకుంఠం సారు. "జర సాయం చెయ్యమ్మా, సోషల్ టీచరువు గదా. పెన్సిల్‌తో రాయి, నేను పెన్నుతో దిద్దుకుంట" అన్నాడాయన. ఆరేళ్లుగా ప్రతి పుస్తకానికీ ఇదే వరస. ఆమె అక్షరాల మీద ఆయన సిరా, కింద ఆయన సంతకం. తర్వాత రబ్బరు పెట్టి పెన్సిల్ గీతలు తుడిచేది కూడా ఆమే. నిజానికి కోపం రావాలి. రావడం మానేసి చాలా రోజులైంది. కోపానికైనా కాస్త తీరిక ఉండాలి కదా!

"మళ్ల ముంగటేసుకున్నవా బుక్కులు?" అన్నాడు భర్త సోమశేఖర్, తల తుడుచుకుంటూ. "పొద్దుగాల రెండు బకెట్లు నీళ్లు పట్టి సాయం చేసిన గదనే. ఇంకా కూర కాలేదా?" మొన్న పెళ్లిలో చుట్టాల ముందు కూడా ఈ బకెట్ల సంగతి చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. రచన కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు.

ఆ పేజీలో వాళ్లుండే పాతబస్తీ గౌలిపుర ఉంది. బొమ్మలో తలపాగా చుట్టుకున్న మనిషి బర్రె పాలు పితుకుతున్నాడు, వెనక చెంబు పట్టుకుని ఒక ఆడమనిషి. గడప దగ్గర కూర్చున్న అత్త నాగమణమ్మకు వినిపించేలా రచన చదివింది. "పాలవాళ్లు బర్రెలను మేపి, పాలు పితికి పట్నమంతా పోసేవారు. వారి భార్యలు వారికి సాయం చేసేవారు."

నాగమణమ్మ కిసుక్కున నవ్వింది. "మీ మామ పితికెనా? బర్రె తంతదని దగ్గరికే రాకపోతుండె. పదకొండు బర్రెలు, నలభై ఏండ్లు, గీ చేతులే బిడ్డా. చార్మినార్ కాడ హోటళ్లకు నేనే పోస్తుంటి. అందరు మల్లయ్య పాలు, మల్లయ్య పాలు అంటుండ్రి." పుస్తకం వైపు మెడ చాచి అడిగింది. "మా పేర్లు గిట్ల ఉన్నయా అండ్ల?"

"లేవత్తమ్మా."

"ఉండయ్ తియ్" అంటూ చిక్కుడుకాయల పళ్లెం తన వైపు లాక్కుంది. ఆ వేళ్లు ఇప్పుడు సరిగా చాచుకోవు. అయినా నార తీయడం మొదలుపెట్టింది.

రచన ఫారం ముందు పెట్టుకుంది. 'తప్పులు' అన్న గడి దగ్గర పెన్సిల్ ఆగింది. లేచి వెళ్లి, మేకుకు వేలాడుతున్న సోమశేఖర్ చొక్కా జేబులోంచి పెన్ను తీసుకుంది. 'పేజీ 38. సాయం చేసేవారు అన్నది తప్పు. పాలు పితికింది ఆ ఆడవాళ్లే' అని రాసింది.

"ఏయ్, పెన్నుతోని రాస్తున్నవేందే? సారు దిద్దుకోవద్దా?" అన్నాడు సోమశేఖర్.

రచన ఫారం తిప్పింది. చివరి పేజీలో 'పరిశీలించినవారు' అన్న గడి ఉంది. ఆరేళ్లలో దాన్ని పెన్సిల్‌తోనైనా ముట్టుకోలేదు. అందులో తన పేరు రాసింది. ఎప్పుడూ సంతకం చేసే పెద్దమనిషిని ఉత్త చేతులతో పంపడం బాగుండదనిపించి, దాని కింద ఇంకో వరస చేర్చింది.

'సాయం చేసినవారు: వైకుంఠం.'