ఆకులు కాల్చమన్నదెవరు

పెరడు ఊడ్చి ఊడ్చి ఆమె చేతులు పడిపోయాయి. ఏడు నెలలుగా చుక్క వాన లేదు. చెట్లు ఇక మా వల్ల కాదన్నట్టు ఆకులన్నీ దులిపేసుకుంటున్నాయి. ఊడ్చిన చోటే మళ్ళీ రాలతాయి. అది ఆమె పని అని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో అలా ఎవరూ చెప్పకుండానే ఆమె నెత్తిన పడ్డ పనులు బోలెడు. భర్త ఊరి అగ్ని రక్షణ కమిటీకి అధ్యక్షుడు కాబట్టి, వానలు పడేదాకా ఆరుబయట చెత్త కాల్చరాదని ముప్పై నోటీసులు రాసిందీ ఆమే. కింద సంతకం మాత్రం ఆయనది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటే ఆయన వినయంగా తలూపాడట.

ఆ పొద్దున ఆయన పళ్ళు తోముకుంటూ ఆకుల కుప్ప దగ్గర ఆగాడు.

"గాలి లేదుగా, కాల్చెయ్. పాములు చేరతాయి."

నిషేధం కదండీ అంది. అది ఊళ్ళో జనానికి అని, పుక్కిలించి ఊసి వెళ్ళిపోయాడు.

బకెట్‌తో నీళ్ళు పక్కన పెట్టుకునే ఆమె అగ్గిపుల్ల గీసింది. ఇంతలో పాలు పొంగుతున్నాయని లోపల్నుంచి అత్తగారి కేక. పొయ్యి పక్కనే కూర్చున్న మనిషి పొయ్యి ఆర్పకూడదా అని ఆమెకు ఆ క్షణంలో తోచలేదు, పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మంట కంచె దాటి పక్కింటి పెద్దమ్మ గడ్డివామిని పట్టుకుంది. వీధి వీధంతా బిందెలతో వచ్చి ఆర్పారు. ఆవులు దక్కాయి గానీ వాటి మేతంతా బూడిదైంది.

మధ్యాహ్నం ఫైర్ ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే భర్త వంటింట్లోకి వచ్చాడు. నేనెప్పుడన్నాను, ఎత్తి గోతిలో పొయ్యమన్నాను గానీ కాల్చమన్నానా, నీకీ మధ్య మతిమరుపు ఎక్కువైంది అన్నాడు. కమిటీ నడిపేవాడు అలా ఎందుకంటాడమ్మా అని అత్తగారు వంత పాడింది.

ఆమెకు తల తిరిగిపోయింది. అన్నాడా, అనలేదా? పళ్ళపొడి నురగలోంచి వచ్చిన మాట, తను సరిగ్గా విన్నదా? పోయినేడు బీరువా తాళంచెవి పోయినప్పుడూ మతిమరుపు అన్నారు. అది ఆయన చొక్కా జేబులోనే దొరికింది, అయినా తప్పయిపోయిందని చెప్పుకున్నది తనే. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఒప్పుకుందో, ఇప్పుడు ఏ తప్పు ఎవరిదో గుర్తుపట్టడం చేతకావడం లేదు. పోనీ ఆయన అనలేదే అనుకుందాం, ఆ ఆలోచన తనకెలా వచ్చింది? కుప్ప భగ్గుమనగానే రేపు ఊడ్చే పని లేదని ఒక్క క్షణం సంతోషపడిన మాట నిజం. ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆఫీసరు వసారాలో కూర్చుని కాగితం నింపాడు. తెలియక చేసింది సార్, ఇంట్లో ఉండే ఆడదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి అని భర్త నవ్వాడు. తెలియక అయితే హెచ్చరికతో సరిపోతుంది, తెలిసీ చేస్తే వానలు పడేదాకా ఆ ఆవులకు మేత మీ ఇంటివాళ్ళే వెయ్యాలి, కమిటీ పదవి మీద కూడా విచారణ ఉంటుంది అని ఆఫీసరు చెప్పాడు. "తెలియక" అని అప్పటికే రాసేశాడు. గేటు దగ్గర పక్కింటి పెద్దమ్మ నిలబడి ఉంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"ఇవాళ వాటికేం వెయ్యనమ్మాయ్?" అంది అంతే.

భర్త పెన్ను అందించి, సంతకం పెట్టు అన్నాడు. ఆమె పెన్ను తీసుకుంది గానీ కాగితం మీద ఆనించలేదు. ఆయన కళ్ళు ఉరుముతున్నాయి. అటు చూడకుండా ఆఫీసరుతో చెప్పింది.

"ఆయన కాల్చమన్నారో లేదో ఇప్పుడు నాకే అయోమయంగా ఉంది సార్. కాల్చకూడదని మాత్రం నాకు బాగా తెలుసు. అలాగే రాసుకోండి."